పన్నెండు పాయింట్లు, పన్నెండు మెట్లు

యూరోవిజన్ పాటల పోటీలో ఒక నియమం ఉంది: ఏ దేశమూ తన పాటకి తాను ఓటేసుకోకూడదు. 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో ఏడు దేశాలతో మొదలైన పోటీ అది. ఇప్పుడు ముప్ఫై, నలభై దేశాల దాకా వస్తున్నాయి. ఒక్కో దేశానికి ఒక్కో పాట. ప్రతి దేశం మిగతావాళ్ల పాటలకి పాయింట్లు ఇస్తుంది, బాగా నచ్చినదానికి పన్నెండు. అంటే నేనెవరో నేను ఎంతైనా చెప్పుకోవచ్చు కానీ, మార్కులు మాత్రం పక్కవాడే వేయాలి.

పెద్ద దేశాలకి ఇదొక సరదా. బ్రిటన్ చిట్టచివర మిగిలినా బ్రిటన్ అనే దేశం ఉందా లేదా అని ఎవరికీ అనుమానం రాదు. చిన్న దేశాల సంగతి వేరు. శాన్ మరీనో అని ఒక దేశం ఉంది, జనాభాలో గద్వాల పట్టణం కంటే చిన్నది. ఏడాదికి ఒక్క రాత్రి, ఓట్లు చదివేటప్పుడు, దాని పేరు ఫ్రాన్స్ పేరు పక్కన అంతే గట్టిగా వినిపిస్తుంది. ఆ ఒక్క రాత్రి కోసం 2021లో వాళ్లు అమెరికా రాపర్ ఫ్లో రైడాని తెచ్చి తమ గాయని పక్కన నిలబెట్టుకున్నారు. నవ్వొస్తుంది. కానీ ఉనికి చాటుకోవడానికి చిన్నవాళ్లు పడే పాట్లు దూరం నుంచి చూసేవాళ్లకి ఎప్పుడూ నవ్వులాటగానే ఉంటాయి.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది ఎస్టోనియా. జనాభా సుమారు 13 లక్షలు. 2011 లెక్కల ప్రకారం మన నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల జిల్లాల జనం కలిపితే 20 లక్షలు దాటుతారు. అంటే ఆ దేశం మా మూడు జిల్లాల కంటే చిన్నది. వాళ్లకి 1869 నుంచీ పాటల జాతర ఉంది. వేల గొంతులు ఒక్కచోట చేరి ఎస్టోనియన్ భాషలో పాడతాయి. సోవియట్ పాలన చివరి రోజుల్లో ఆ పాటలే ఉద్యమం అయ్యాయి. 1987 నుంచి 1991 దాకా నడిచిన ఆ పోరాటానికి 'పాటల విప్లవం' అనే పేరు మిగిలిపోయింది. పాటతో దేశాన్ని తెచ్చుకున్నారంటే పెద్ద అతిశయోక్తి కాదు. పదేళ్లు గడిచాక, 2001లో, ఎస్టోనియా యూరోవిజన్ గెలిచింది. మాజీ సోవియట్ దేశాల్లో మొదటి గెలుపు అదే. గెలిచిన పాట ఇంగ్లిషులో ఉంది. పాడిన ఇద్దరిలో ఒకరు కరీబియన్ ద్వీపం అరూబాలో పుట్టినవాడు.

సొంత భాషలో పాడి స్వతంత్రం తెచ్చుకున్న దేశం, పరాయి భాషలో పాడి గుర్తింపు తెచ్చుకుంది. ఇందులో ఎస్టోనియా తప్పేమీ నాకు కనిపించదు. దేశాన్ని తెచ్చుకోవడానికి తమలో తాము పాడుకుంటే సరిపోయింది. 'మేం యూరప్‌లో భాగం' అని ఒప్పించాలంటే వినేవాళ్లు వేరు, వాళ్ల చెవి వేరు. అయితే ఇక్కడే నన్ను వదలని ప్రశ్న ఒకటి ఉంది. ఇతరుల చెవికి తగ్గట్టు మనల్ని మనం సవరించుకుని వేదిక ఎక్కినప్పుడు, అక్కడ గుర్తింపు దొరికేది ఎవరికి? 'మనం' అనే మాటలో ఎవరెవరు ఉంటారు?

*

ఈ ప్రశ్న కోసం యూరప్ దాకా పోనక్కర్లేదు. మా ప్రాంతం కూడా ఒకప్పుడు చిన్న చిన్న రాజ్యాల గుంపే. గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత, ఇవన్నీ నిజాంకి కప్పం కట్టే సంస్థానాలు. కృష్ణకి అటూ ఇటూ నాలుగు కోటలు, నాలుగు దర్బారులు. పైన నిజాం, ఆ పైన బ్రిటిష్ రెసిడెంటు. యుద్ధాలు చేసే కాలం దాటిపోయింది. మరి ఒక చిన్న రాజు తాను రాజునని లోకానికి ఎట్లా చెప్పాలి?

వీళ్లు సాహిత్య సభలు పెట్టారు. గద్వాలలో ఏటేటా పండితులు, కవులు కూడేవాళ్లు. కోస్తా నుంచి, రాయలసీమ నుంచి వచ్చేవాళ్లు, పరీక్షలకి నిలిచేవాళ్లు, సత్కారాలు, వార్షికాలు పుచ్చుకుని పోయేవాళ్లు. తిరుపతి వేంకట కవులు కూడా ఈ సంస్థానాల్లో అవధానాలు చేసి వెళ్లారు. 'విద్వద్గద్వాల' అన్న పేరు అట్లా వచ్చింది. యూరోవిజన్‌తో పోలిస్తే ఇక్కడ ఏర్పాటు తిరగబడి ఉంటుంది. పాడేది బయటివాడు, మార్కులు వేసేది ఇంటివాడు. గద్వాల రాజు వేరే ఊరి సభకి పోయి నిరూపించుకునే పని లేదు. నీ కవిత్వం మంచిదో కాదో తేల్చే చోటు మాది అంటే చాలు, ఆ చోటు దానంతటదే గొప్పదైపోతుంది.

కానీ ఆ గొప్ప కోట గోడలు దాటి ఎంత దూరం పోయింది? నాకు తెలిసిన జవాబు 1934 నాటి ఒక పుస్తకంలో ఉంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని అప్పట్లో ఒక మాట పుట్టింది. దానికి సురవరం ప్రతాపరెడ్డి ఇచ్చిన జవాబు 'గోలకొండ కవుల సంచిక'. 354 మంది కవులు. ప్రతాపరెడ్డి గద్వాల ప్రాంతపు మనిషి, తర్వాత 1952లో వనపర్తి నుంచి శాసనసభకి ఎన్నికైనవాడు. లేరు అన్నవాళ్ల ముందు లెక్క పెట్టి చూపించాడు. మా వైపు బడుల్లో తెలుగు చెప్పే సార్లు ఈ కథ చెప్పేటప్పుడు 354 అనే అంకె దగ్గర కాస్త ఆగుతారు, గొంతు పెంచుతారు. నేనూ ఆ గొంతు వింటూ పెరిగినవాణ్ణే. ఆ అంకె చెప్పేటప్పుడు ఇప్పటికీ నా వెన్ను కొంచెం నిటారవుతుంది.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ పుస్తకం కూడా ఒక రకంగా పోటీకి పంపిన ఎంట్రీయే అనిపిస్తుంది. కవి అంటే ఎవరు అన్నది అవతలివాళ్లు ముందే నిర్ణయించేశారు: ప్రధానంగా పద్యం రాసేవాడు. ఆ నిర్వచనం ఒప్పుకుని, దాని ప్రకారం మాకూ ఉన్నారని చూపించాలి. నిందకి జవాబు చెప్పాలంటే అంతకంటే వేరే దారి ఆయనకి లేదు. అదే ప్రతాపరెడ్డి తర్వాత 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసి రాజులని పక్కకి జరిపి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అని వెతికాడు. తెలుగులో మొదటి సాహిత్య అకాడెమీ బహుమతి, 1955లో, ఆ పుస్తకానికే వచ్చింది. ఒకే మనిషి బయటివాళ్లకి జవాబుగా ఒక పుస్తకం చేశాడు, మనలోకి మనం చూసుకోవడానికి ఇంకొకటి రాశాడు. ఈ రెండు పనులూ వేరు వేరని మర్చిపోతుంటాం కాబట్టి ఇది గుర్తు పెట్టుకోదగ్గ విషయం.

*

మూడో రకం పోటీ ఒకటుంది. అందులో మన ఓటు మనకే, ఎన్నైనా వేసుకోవచ్చు. 2007లో ఇండియన్ ఐడల్ ఫైనల్లో ఒక పక్క డార్జిలింగ్ నుంచి ప్రశాంత్ తమాంగ్, ఇంకో పక్క షిల్లాంగ్ నుంచి అమిత్ పాల్. దేశం మ్యాపులో ఎప్పుడూ అంచునే ఉండే రెండు కొండ ఊళ్లు. జనం చందాలు వేసుకుని ఎస్సెమ్మెస్‌లు పంపారు. కలకత్తా పోలీసు శాఖలో కానిస్టేబుల్‌గా ఉన్న తమాంగ్ గెలిచాడు. తర్వాత ఢిల్లీలో ఒక రేడియో జాకీ నేపాలీలని అవమానిస్తూ మాట్లాడాడని సిలిగురిలో గొడవలయ్యాయి. అక్టోబర్ 7న గూర్ఖా జనముక్తి మోర్చా పుట్టింది. తమాంగ్‌కి ఓట్లు కూడగట్టడంలో ముందున్న బిమల్ గురుంగే దాని నాయకుడు. పాటకి ఓట్లు పోగుచేసిన మనుషులూ పద్ధతులే రాష్ట్రం కావాలన్న ఉద్యమానికి పనికొచ్చాయి.

తెలుగువాళ్లకీ ఇది కొత్త కాదు. 2010లో శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ గెలిచినప్పుడు 'మనోడు' అన్న మాట ఎంత తిరిగిందో గుర్తుండే ఉంటుంది. ఆ మాటకి రబ్బరులా సాగే గుణం ఉంది. 2023లో 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చిన రోజు ఆఫీసు వాట్సాప్ గ్రూపు చూస్తూ కూర్చున్నాను. లాస్ ఏంజెలెస్‌కి అది ఇండియా పాట. ముంబై వాళ్లతో మాట్లాడేటప్పుడు తెలుగు పాట. సాయంత్రానికల్లా మనలో మనం పంచుకోవడం మొదలైంది: రాసిన చంద్రబోస్ తెలంగాణ, పాడినవాళ్లలో రాహుల్ సిప్లిగంజ్ హైదరాబాద్, బాణీ కట్టిన కీరవాణిది కొవ్వూరు. మరుసటి ఏడాది, 2024 జూన్ 2న, అందెశ్రీ రాసిన 'జయ జయహే తెలంగాణ' అధికారికంగా రాష్ట్ర గీతమైంది. దానికి సంగీతం కీరవాణి. ఆంధ్ర మనిషి చేత ఎందుకు చేయించారని తెలంగాణ సంగీతకారులు కొందరు అభ్యంతరం చెప్పారు. ఎస్టోనియా అరూబా గాయకుణ్ణి పెట్టుకున్న సంగతి నాకు అప్పుడే గుర్తొచ్చింది. కొత్తగా ఏర్పడ్డ చోటికి తన పాటలో ఎవరి చెయ్యి ఉంది అన్నది చిన్న విషయం కాదు. పోగొట్టుకున్నామన్న బాధ ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు అసలే కాదు. ఆ అభ్యంతరాన్ని కుళ్లు అని కొట్టిపారేసినవాళ్లతో నేను ఏకీభవించను.

అయితే సరిహద్దుకి ఆవలి చెయ్యి గురించి అంత గట్టిగా అడిగిన మనం, సరిహద్దుకి లోపలి చేతుల గురించి కూడా అంతే గట్టిగా అడిగామా?

*

2021 సెప్టెంబరులో 'భీమ్లా నాయక్' టైటిల్ పాట వచ్చింది. దాని మొదట్లో వినిపించే గొంతు దర్శనం మొగులయ్యది. ఊరు నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలంలోని అవుసలికుంట. వాయించేది పన్నెండు మెట్ల కిన్నెర. వెదురు బొంగు, ఎండిన బుర్రలు, మైనంతో అతికించిన మెట్లు, తీగలు. 2022లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి జాగా ప్రకటించింది. హైదరాబాద్‌లో ఉండే మా పాలమూరోళ్లకి అది పండగ. వలసకూలీలు, కరువు, బొంబాయి బస్సు తప్ప మా జిల్లా పేరు చెబితే ఇంకేమీ గుర్తురాని చోట, ఒక్కసారిగా ఒక వాయిద్యం గుర్తొచ్చింది. 'ఆ కిన్నెర మీ దిక్కుదేనా బ్రో?' అని విజయవాడ కొలీగ్ అడిగితే, 'అవును, మాదే' అన్నాను.

ఆ 'మాదే' అన్న మాట గురించే ఈ వ్యాసం అంతా.

కిన్నెర తరతరాలుగా డక్కలి కులంవాళ్ల వాయిద్యం. డక్కలివాళ్లు మాదిగలకి ఆశ్రిత కులం. మాదిగల పుట్టుక కథని, జాంబ పురాణాన్ని, చెప్పేది వాళ్లే. ఊరికి బయట మాదిగవాడ, ఆ వాడకీ బయట డక్కలి గుడారం. దొరల్ని కొట్టి పేదలకి పెట్టిన పండుగ సాయన్న కథ పాలమూరులో కిన్నెర మీదే బతికింది. ఆ కథ ఊరంతటిదీ. చెప్పేవాడు మాత్రం ఊరి మనిషి కాడు.

పద్మశ్రీ వార్త వచ్చినప్పుడు మా అవ్వని అడిగాను, నీ చిన్నప్పుడు కిన్నెరోళ్లు వచ్చేవాళ్లా అని. అవ్వ టీవీ దిక్కు చూసుకుంటనే చెప్పింది. 'రాకేమి బిడ్డా, కల్లాలప్పుడు వస్తుండ్రి. శెట్టు కింద కూసొని రాత్రంత చెప్పేది. మేము ఇంత దూరం కూసొని ఇంటుంటిమి. పొద్దుగాల చాట ఎత్తి పట్టి వడ్లు పోస్తుంటిమి, తాకకుండ.' కొంచెం ఆగి, 'పాట ఇనాలె, మనిషిని ముట్టొద్దు. గట్లుండె అప్పుడు' అంది. అవ్వ గొంతులో సిగ్గూ లేదు, గర్వమూ లేదు. వానలు ఎట్లా పడేవో చెప్పినట్టు చెప్పింది.

మన ఓటు మనకి పడకూడదనే నియమం యూరోవిజన్‌కి ఒక పద్ధతి మాత్రమే. కిన్నెర పట్టుకున్న మనుషులకి అది జీవితం. వాళ్ల పాటకి సొంత ఊరి నుంచి చాటెడు వడ్లు దొరికాయి. గౌరవం మాత్రం బయటి నుంచి రావాల్సి వచ్చింది, ముందు సినిమా నుంచి, తర్వాత ఢిల్లీ నుంచి. బయట పన్నెండు పాయింట్లు పడ్డాక ఊరు లేచి 'మాదే' అంది.

ఇట్లాంటిది వేరే చోటా జరిగింది. 2016లో ఉక్రెయిన్‌కి యూరోవిజన్ గెలిచి పెట్టిన గాయని జమాలా క్రిమియన్ తాతార్. ఆ పాట పేరు '1944'. స్టాలిన్ కాలంలో ఆమె జాతిని మొత్తంగా ఊళ్లు ఖాళీ చేయించి తరిమిన ఏడాది అది. పాటలో కొంత భాగం తాతార్ భాషలోనే ఉంది. క్రిమియాని రష్యా లాక్కుని అప్పటికి రెండేళ్లు. దేశంలో ఒక చిన్న జాతి దుఃఖం ఆ రాత్రి దేశం మొత్తానికి గొంతు అయింది. గొప్ప సందర్భమే. కానీ ఒక దేశం తనలోని చిన్నవాళ్ల పాటని జెండా కింద ఎత్తి పట్టుకున్నప్పుడు, దానితో పాటు ఒక బాకీ కూడా ఎత్తుకుంటుంది. నీ గాయం నా పేరు మీద చూపిస్తున్నాను కాబట్టి, ఇక నుంచి నీ సంగతి నా సంగతి అని ఒప్పుకున్నట్టు. ఆ ఒప్పందం నిలబడిందో లేదో వేదిక మీద తేలదు, దీపాలు ఆరిపోయాక తేలుతుంది.

మన దగ్గర దీపాలు త్వరగానే ఆరాయి. 2024 మేలో ఒక వీడియో తిరిగింది. హైదరాబాద్ శివార్లలో, తుర్కయంజాల్ దగ్గర, కడుతున్న భవనం పనిలో కూలీగా మొగులయ్య. నెలనెలా వచ్చే గౌరవ వేతనం ఆగిపోయిందని ఆయన చెప్పుకున్నారు. మళ్లీ అందరం షేర్ చేశాం. మళ్లీ నాయకులు మాట్లాడారు, మళ్లీ హామీలు వచ్చాయి.

*

ఈ వాదనకి ఎదురు చెప్పేవాళ్లు నా స్నేహితుల్లోనే ఉన్నారు. వాళ్ల మాట న్యాయంగా పెడతాను. సినిమా లేకపోతే నీకు కిన్నెర పేరైనా తెలిసేదా? పద్మశ్రీ రాకపోతే ఆ వాయిద్యం ఒక మ్యూజియం అద్దాల వెనక బొమ్మగా మిగిలేది. పాత ఊరి వ్యవస్థ ఇవ్వని గౌరవాన్ని మార్కెట్టూ ప్రభుత్వమూ ఇచ్చాయి, ఇంకా ఏం కావాలి? పైగా కులం పేరు పదే పదే తవ్వడం కూడా ఆ మనిషిని మళ్లీ అక్కడికే నెట్టడం కాదా? ఆయన తెలంగాణ కళాకారుడు అని ఊరుకోవచ్చు కదా?

మొదటి సగం నేను ఒప్పుకుంటాను. వేదికని చులకన చేసే స్థితి చిన్నవాళ్లకి ఉండదు. ఎస్టోనియాకి పోటీ కావాల్సి వచ్చింది, ప్రతాపరెడ్డికి అంకె కావాల్సి వచ్చింది, కిన్నెరకి సినిమా కావాల్సి వచ్చింది. ఇతరుల గుర్తింపు అక్కర్లేదు అనగలిగేది ఇప్పటికే గుర్తింపు ఉన్నవాళ్లే.

రెండో సగం దగ్గర ఆగిపోతాను. 'తెలంగాణ కళాకారుడు' అన్నప్పుడు ఎవరికి లాభం కలిగిందో చూడండి. తెలంగాణకి ఒక ప్రాచీనమైన వాయిద్యం వచ్చింది, పాలమూరుకి పేరొచ్చింది, నాకు ఆఫీసులో చెప్పుకోవడానికి ఒక మాట వచ్చింది. ఈ లెక్కలో కిన్నెర పట్టుకున్న మిగతా కుటుంబాలకి ఏం వచ్చింది? కులం పేరు చెరిపేస్తే ఆ మనిషి మీది మచ్చ పోదు. చాట ఎత్తి పట్టుకున్న చేతుల మీది మచ్చ పోతుంది. మర్చిపోవడం వల్ల లాభపడేది బాకీ ఉన్నవాడే.

నా అభిప్రాయం ఇది. ఒక చోటు, దేశమో రాష్ట్రమో జిల్లానో, తన గుర్తుగా దేన్నైనా లోకం ముందు పెట్టుకోవచ్చు. ఆ హక్కు పుట్టుకతో రాదు, ఇంకా తీర్చాల్సిన అప్పులాగా వస్తుంది. పాట మాది అనాలంటే పాడినవాడి బతుకులో మనకి భాగం ఉండాలి. అతని పిల్లల బడిలో, అతనికి అద్దెకి దొరికే ఇంటిలో, ఊళ్లో అతను కూర్చునే చోటులో. అది లేనప్పుడు మనం చేసేది సొంతం చేసుకోవడం. సొంతమని ఒప్పుకోవడం ఇంకా మిగిలే ఉంటుంది.

నేను ఇకమీదట 'కిన్నెర మాదే' అనను అని ప్రతిజ్ఞ చేయబోవడం లేదు. అట్లా అంటే ఊళ్లో మా ముందు తరంవాళ్లు ఉంచిన దూరాన్నే నేను ఇంకో మర్యాద పేరుతో కొనసాగించినట్టు. అనాలి, కానీ ఆ మాటని సగంలో ఆపకూడదు. కొలీగ్ మళ్లీ అడిగితే కిన్నెర డక్కలివాళ్లదని, వాళ్లు మా ఊళ్లకి వచ్చేవాళ్లని, మేము దూరంగా కూర్చుని వినేవాళ్లమని, ఆ దూరం ఇంకా పూర్తిగా తగ్గలేదని చెప్పాలి. చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. లిఫ్టులో కుదరదు, క్యాంటీన్‌లో కుదురుతుంది.

గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న పాటలు, అవుసలికుంట కిన్నెర, గద్వాల సభలు, 354 మంది కవులు, ఇంత ఉన్న మూడు జిల్లాలకి బయట గెలవడం మరీ అంత కష్టం కాదనిపిస్తుంది. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు పన్నెండు పాయింట్లు ఇస్తారు. ఊళ్లో కల్లం దగ్గర, చెట్టు కిందికీ అరుగు మీదికీ మధ్య ఉన్న ఆ నాలుగు బారల దూరానికి మాత్రం బయటివాళ్లెవరూ ఓటేయలేరు. ఆ ఓటు మనదే.